గాలివాన రాత్రికి రెండు లెక్కలు

20 గంటల 58 నిమిషాలు. 6 గంటల 28 నిమిషాలు. ఒకే రాత్రి, ఒకే లైను మీద కరెంటు పోయిన కాలానికి ఇవి రెండు లెక్కలు. మొదటిది ఒక ఇంట్లో గోడ క్యాలెండర్ మీద పాల లెక్క పక్కన పెన్సిల్‌తో రాసుకున్నది. రెండోది సబ్‌స్టేషన్ రిజిస్టర్‌లో షిఫ్ట్ ఆపరేటర్ రాసింది. ఇద్దరూ నిజమే రాశారు. మరి మధ్యలో పద్నాలుగున్నర గంటలు ఎక్కడికి పోయాయి?

ఆ రాత్రి నేను అల్లుకున్నది. కర్నూలు జిల్లాలో కోసిగి, కౌతాళం, నందవరం, పెద్దకడుబూరు, మంత్రాలయం చుట్టుపక్కల మీకు తెలిసిన ఏ పల్లెనైనా అందులో పెట్టుకోండి. ఇళ్ళూ నిమిషాలూ ఊహించినవే. స్తంభాల కొలతలూ గాలి భారమూ నిబంధనల్లోని గడువులూ మాత్రం ఊహలు కావు.

మే నెల. పొద్దంతా ఉక్క. ఏడు కొట్టేసరికి పడమటి దిక్కున మబ్బు కమ్మి, ముందు దుమ్ము, వెనకాల నాలుగు పెద్ద చినుకులు. 7.12కి కరెంటు పోయింది. మూడు నిమిషాలకు వచ్చింది, ఫ్యాను రెక్క ఒక చుట్టు తిరిగిందో లేదో మళ్ళీ పోయింది. ఇంకో పది నిమిషాలకు అదే తంతు. ఆ తర్వాత రాలేదు.

ఇంట్లోవాళ్ళకు అది ఆటలాడినట్టుంటుంది. అవతల జరిగేది వేరు. 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో మన ఫీడరు బ్రేకర్ ట్రిప్ అయింది. కొమ్మ తగిలి పడిపోయి ఉండొచ్చు, రెండు తీగలు గాలికి ఊగి ఒకసారి రాసుకుని ఉండొచ్చు. అలాంటి తప్పు దానంతటదే సర్దుకుంటుంది. అందుకే ఆపరేటర్ కాసేపాగి ఛార్జ్ చేసి చూస్తాడు. నిలబడితే సరి. మళ్ళీ ట్రిప్ అయితే లైను మీద ఎక్కడో గట్టి తప్పే ఉంది. అప్పుడు రిజిస్టర్‌లో బ్రేక్‌డౌన్ అని రాసి లైన్‌మన్‌కు ఫోన్ చేస్తాడు. కాబట్టి లైట్లు వచ్చిపోయి, వచ్చిపోయి, ఇక రాకపోతే పొయ్యి మీద పని దీపం వెలుతురులోనే కానిచ్చుకోవడం మేలు. ఆ రాత్రి తొందరగా తేలేది కాదు.

ఎందుకు తేలదో చూద్దాం. మన ఫీడరు కొమ్మలూ రెమ్మలూ కలిపి 20 కిలోమీటర్లు అనుకోండి. పల్లెల్లో 11 కేవీ స్తంభానికీ స్తంభానికీ మధ్య 60 మీటర్లు అటూ ఇటూగా ఉంటుంది. అంటే 333 స్తంభాలు. ఒక్కో దాని మీద మూడు తీగలకు మూడు పింగాణీ ఇన్సులేటర్లు. మొత్తం వెయ్యి. ఈ వెయ్యిలో ఒక్కటి పగిలితే చాలు, 20 కిలోమీటర్లూ చీకటి.

అవి పగిలేది కూడా సరిగ్గా ముంగారి తొలి వానలకే. వేసవి అంతా ఎండకు కాగి, దారి దుమ్మూ చేల దుమ్మూ పట్టి ఉంటాయి. ఎండు దుమ్ముతో ప్రమాదం లేదు. కుంభవృష్టి కురిస్తే కడుక్కుపోతుంది, అదీ మంచిదే. చిక్కంతా సన్నటి తుంపరతో. దుమ్ము తడిసి ముద్దై, పింగాణీ మీద కరెంటుకు దారి వేస్తుంది. దానికి తోడు పిడుగు. పైకి కనిపించని సన్నటి పగులు ఉన్న ఇన్సులేటర్‌లోకి నీళ్ళు దిగి, లోపల పంక్చర్ అవుతుంది. ‘నాలుగు చినుకులు పడితే చాలు, కరెంటు తీసేస్తారు’ అని మా వైపు ప్రతి అరుగు మీదా వినిపించే మాటలో తీసేస్తారు అన్న ముక్క ఎక్కువసార్లు తప్పు, నాలుగు చినుకులు అన్నది మాత్రం అచ్చంగా నిజం.

అయితే అప్పుడప్పుడు తీసేయడం కూడా ఉంటుంది. దానికి కారణం ఉంది, కాసేపట్లో చెబుతాను.

వెయ్యిలో ఒకటి వెతకడానికి లైన్‌మన్ చేతిలో ఉన్న ఉపాయం సగం సగం చేసుకుంటూ పోవడం. ఫీడరు మధ్యలో ఏబీ స్విచ్ ఉంటుంది. దాన్ని విప్పి, ముందు సగాన్ని ఛార్జ్ చేయమని సబ్‌స్టేషన్‌కు ఫోన్. నిలబడితే తప్పు వెనక సగంలో ఉన్నట్టు. లెక్క ప్రకారం 333 స్తంభాలను ఇలా ఎనిమిది తొమ్మిది సార్లు సగం చేస్తే సరిగ్గా ఒక్క స్తంభం దగ్గర తేలాలి. కానీ స్తంభానికో స్విచ్ ఉండదు కదా. మన ఫీడరులో రెండుసార్లు సగం చేసేసరికి స్విచ్‌లు అయిపోయాయి. మిగిలినవి 80 స్తంభాలు. దూరంలో చెప్పాలంటే 4.8 కిలోమీటర్లు. ఇక టార్చిలైటు వేసుకుని ఒక్కో స్తంభం కిందా నిలబడి తలెత్తి చూడటమే.

నల్లరేగడిలో వాన వెలిసిన రాత్రి నడిచినవాళ్ళకు ఈ అంకె అర్థం వేరే చెప్పక్కర్లేదు. పది అడుగులకు చెప్పు కింద ఇంకో చెప్పంత మట్టి చేరుతుంది. చెప్పులు చేతిలో పట్టుకుంటే తుమ్మముళ్ళు. బండి గట్టు మీదే వదిలెయ్యాలి, లైను మాత్రం గట్టు వెంట పోదు, చేలకు అడ్డంగా పోతుంది. గంటకు రెండు కిలోమీటర్లు నడిస్తే ఎక్కువ. రెండున్నర గంటలు. పైన తడిసిన గోధుమరంగు పింగాణీ మీద వేలెడు పొడవున నల్లటి కాలిన చార కోసం ఆ వెతుకులాటంతా.

మన కథలో రాత్రి పన్నెండున్నరకు దొరికింది. 1.40కి బ్రేకర్ నిలబడింది. రిజిస్టర్‌లో లెక్క ముగిసింది: 6 గంటల 28 నిమిషాలు.

క్యాలెండర్ లెక్క ముగియలేదు. ఆ ఇంటి సందులో వేపకొమ్మ విరిగి, ఇళ్ళకు కరెంటు తెచ్చే ఎల్‌టీ లైను మీద పడి, రెండు స్తంభాలు నేలకొరిగాయి. 60 ఇళ్ళు. వాటికి కరెంటు వచ్చింది మర్నాడు సాయంత్రం 4.10కి.

గాలి గురించి ఒక లెక్క చెప్పాలి. 11 కేవీ పల్లె లైన్లలో వాడే 55 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం మిశ్రమ తీగ మందం 9.45 మిల్లీమీటర్లు. మూడు తీగలు, 60 మీటర్లు. గుణిస్తే 1.7 చదరపు మీటర్లు. మన ఇంటి తలుపు ఒకటి అంతే ఉంటుంది. ప్రతి స్తంభం తన నెత్తిన ఒక తలుపును గాలికి ఎదురుగా నిలబెట్టుకుని ఉందన్నమాట. వాతావరణ శాఖ తరచూ హెచ్చరించే 50, 60 కిలోమీటర్ల ఈదురుగాలి ఆ తలుపును తోసే బలం దాదాపు 29 కిలోలు. గాలి వేగం రెట్టింపైతే బలం రెట్టింపు కాదు, నాలుగింతలు. 120 కిలోమీటర్ల గాలికి 116 కిలోలు. పల్లెల్లో వేసే ఎనిమిది మీటర్ల సిమెంటు స్తంభం కొస దగ్గర 140 కిలోల లాగుడుకు తట్టుకునేలా తయారవుతుంది.

అంటే ఏమిటి? మే నెల గాలివాన తనంతట తానుగా మంచి స్తంభాన్ని పడగొట్టలేదు. 29కీ 140కీ మధ్య బోలెడు ఎడం ఉంది. పడగొట్టేది ఆ గాలి విరిచి తెచ్చిన కొమ్మ. లేదంటే వేసవిలో నెర్రెలిచ్చిన నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత పగుళ్ళిచ్చే నేల స్తంభం మొదట్లో పట్టు వదిలేస్తుంది. వానకు ఉబ్బి మళ్ళీ పట్టుకునేలోపే తొలి గాలి వస్తుంది. స్తంభాన్ని పట్టి ఉంచే స్టే వైర్‌ను ఎవరో ట్రాక్టరుకు అడ్డమని విప్పేసి ఉంటే ఇక చెప్పేదేముంది. నన్నడిగితే మా వైపు గాలివాన నష్టంలో పెద్ద భాగం గాలిది కాదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో కొట్టకుండా వదిలేసిన కొమ్మలది. కొట్టనివ్వని మనది కూడా. ఇంటి ముందు వేపచెట్టు నీడ పోతుందని లైన్‌మన్‌తో గొడవ పడిన చేత్తోనే కరెంటు రాలేదని ఫోన్ చేస్తాం.

కోస్తా సంగతి వేరు. నిర్మాణాలకు గాలి భారం లెక్కగట్టే భారత ప్రమాణం ఐఎస్ 875లో కర్నూలుకు సెకనుకు 39 మీటర్లు, విశాఖపట్నానికి 50. గంటకు చెప్పుకుంటే 140, 180 కిలోమీటర్లు. మన తలుపు లెక్కలో పెడితే 158 కిలోలు, 260 కిలోలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు స్తంభాలు వరసగా పడుకున్నాయంటే అందులో లైన్‌మన్ల తప్పు వెతకలేం. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో విశాఖలో తీగల్ని భూగర్భంలోకి దించే పని మొదలైంది. నగరంలో చదరపు కిలోమీటరుకు ఉండే ఇళ్ళ సంఖ్యకు ఆ ఖర్చు గిట్టుబాటవుతుందేమో. నాలుగు మోటార్ల కోసం రెండు కిలోమీటర్లు పోయే మా చేల లైన్లకు అది కలలో మాట.

కానీ తుపానుకున్న ఒక వెసులుబాటు మా గాలివానకు లేదు. తుపాను వస్తున్నట్టు మూడు రోజుల ముందే తెలుస్తుంది. దానికి పేరుంటుంది: తిత్లీ, మిచాంగ్, మొంథా. పేరు పెట్టాక కంట్రోల్ రూము తెరుస్తారు, స్తంభాలు ముందే తెచ్చి దించుతారు, పక్క జిల్లాల సిబ్బంది లారీలెక్కి వస్తారు. పిడుగుల మబ్బుకు వాతావరణ శాఖ ఇచ్చే ముందస్తు కబురు మూడు గంటలకు మించదు. 20 నిమిషాల్లో వచ్చి పోయే ఆ మబ్బుకు పేరు ఎవరు పెడతారు? అది పది ఊళ్ళ మీద పడి పోతుంది. బాగుచేయాల్సింది ఆ సెక్షన్‌లో ఆ రాత్రి ఉన్న నలుగురే. 2019లో గ్రామ సచివాలయాలకు ఎనర్జీ అసిస్టెంట్లను, అంటే గ్రేడ్-2 జూనియర్ లైన్‌మన్లను తీసుకున్నప్పుడు తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) పరిధికి ప్రకటించిన పోస్టులు 5,107. స్తంభం ఎక్కడం, మీటరు రీడింగ్ తీయడం, సైకిల్ తొక్కడం వాళ్ళకు పెట్టిన పరీక్షలు. నల్లరేగడిలో అర్ధరాత్రి అయిదు కిలోమీటర్లు నడవడం కూడా ఆ పరీక్షల్లో ఉండాల్సింది.

ఇక క్యాలెండర్ ఇంటి విషయానికి వద్దాం. కొమ్మ పడిన సంగతి రాత్రి ఎనిమిదికే ఫోన్ చేసి చెప్పారు. అయినా ఎందుకు వదిలేశారు?

ఒక జట్టు ఉంది, రెండు పనులున్నాయి అనుకోండి. మొదటిది 60 ఇళ్ళకు స్తంభాలు నిలబెట్టడం, అయిదు గంటల పని. రెండోది 11 కేవీ లైను మీద తెగిన జంపర్ కలపడం, గంట పని, దాని కింద 600 ఇళ్ళున్నాయి. స్తంభాలు ముందు చేస్తే 60 ఇళ్ళు అయిదు గంటలు, 600 ఇళ్ళు ఆరు గంటలు చీకట్లో ఉంటాయి. మొత్తం 3,900 ఇంటి-గంటలు. జంపర్ ముందు చేస్తే 600 ఇళ్ళు ఒక గంట, 60 ఇళ్ళు ఆరు గంటలు. మొత్తం 960. నాలుగింతల తేడా. ఏ అసిస్టెంట్ ఇంజనీరును అడిగినా రెండోదే ముందంటాడు. అదే సరైనది కూడా. అందుకే ముందు 33 కేవీ లైను, తర్వాత సబ్‌స్టేషను, తర్వాత 11 కేవీ మెయిన్ లైను, ఆ పైన కొమ్మ లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఎల్‌టీ, చిట్టచివర ఇంటి సర్వీసు వైరు. ఆసుపత్రీ తాగునీటి మోటారూ ఉంటే వరుస కాస్త మారుతుంది.

ఈ వరుసలో అందరికన్నా వెనక నిలబడేది చేలో ట్రాన్స్‌ఫార్మర్. 25 కేవీఏ డబ్బా మీద అయిదు హెచ్‌పీ మోటార్లు నాలుగుకు మించి హాయిగా నడవవు. ఇంటి-గంటల లెక్కలో నలుగురు రైతులంటే నాలుగే. వానపడ్డ వారం నేల తడిగా ఉంటుంది కాబట్టి మోటారు లేకున్నా గడుస్తుంది. ఆ తర్వాత వారం ఉల్లినారుకో మిరపనారుకో నీళ్ళు కావాలి. అప్పటికీ కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ రాకపోతే నలుగురూ చందా వేసుకుని, ట్రాక్టరు మాట్లాడుకుని, తామే దాన్ని దించి మరమ్మతుకు మోసుకుపోవడం మా వైపు కొత్త కాదు. అది రైతు పని కాదని వాళ్ళకూ తెలుసు. ఎండిపోయేది మాత్రం వాళ్ళ నారే.

మర్నాడు ఉదయం స్తంభాల పని మొదలైంది. ఎనిమిది మీటర్ల స్తంభం బరువు మూడు క్వింటాళ్ళ పైమాటే. పొడవులో ఆరో వంతు భూమిలో ఉండాలి, అంటే నాలుగున్నర అడుగుల గుంట. పైన బురద, అడుగు లోతున గడ్డపార తిరిగి ఎగిరే ఎండు రేగడి. ట్రాక్టరు సందులోకి రావాలంటే దారి కాస్త ఆరాలి. పదకొండుకు స్తంభాలు వచ్చాయి. తాళ్ళు కట్టి పదిమంది లాగారు, అందులో ఆరుగురు ఊరివాళ్ళే.

తీగ ముట్టుకునే ముందు ఇంకో పని ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. లైన్ క్లియర్. ఎల్‌సీ అంటారు. ఫలానా ఫీడరు ఆపేశాం అని సబ్‌స్టేషన్‌లో రాసుకుని, ఒక నంబరు ఇచ్చి, అదే మనిషి పని ముగిసింది అని తిరిగి చెప్పేదాకా బ్రేకర్ వేయకూడదు. ఆ నంబరు తీసుకున్నాక కూడా తీగలకు ఎర్త్ రాడ్లు తగిలించాలి. ఎవరింట్లోనో జనరేటరో ఇన్వర్టరో తప్పుగా కలిపి ఉంటే 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి ఎక్కి అవతల 11,000 అవుతాయి. ఈ తతంగానికి పట్టే అరగంటను కరెంటు లేని ఇంట్లో కూర్చుని తిట్టుకోవడం సులువు. ఆ అరగంట మిగుల్చుకుందామని చూసినవాళ్ళలో తిరిగి ఇంటికి వెళ్ళనివాళ్ళున్నారు.

గాలికి ముందే ఫీడరు ఆపేయడానికి కారణం చెబుతానన్నాను కదా. 11 కేవీ తీగకూ భూమికీ మధ్య ఉండేది 6,350 వోల్టులు. తెగిన తీగ తడినేల మీద పడితే గట్టిగా కరెంటు పారి బ్రేకర్ ట్రిప్ అవుతుంది. ఎండు గరుసు మీదో రాతి గుట్ట మీదో పడితే పారేది ఒక్కోసారి ఒకటి రెండు ఆంపియర్లే. వంద ఆంపియర్లు మోస్తున్న ఫీడరులో ఆ కొసరును ఒక మామూలు మోటారు వేసినంతగా కూడా బ్రేకర్ పట్టించుకోదు. తీగ నేల మీద పాములా పడుంటుంది, ప్రాణంతో. అందుకే గాలికి ముందే ఆపేయడం. 2022 జూన్ 30న శ్రీ సత్యసాయి జిల్లా తాడిమర్రి మండలంలో కూలి పనికి పోతున్న ఆటో మీద హైటెన్షన్ తీగ తెగిపడి అయిదుగురు మహిళలు కాలిపోయారు. ఉడుత వల్ల తీగ తెగిందని అధికారులు చెప్పగా ఆ మాటకు రాష్ట్రమంతా నవ్వింది, ఏడ్చింది. ఉడుత షార్ట్ చేయడం అసాధ్యమేమీ కాదు. తీగ తెగి పడ్డాక కూడా దానిలో కరెంటు ఎంతసేపు ఉంది అన్నదే అడగాల్సిన ప్రశ్న. ఉడుత మాట దాన్ని మింగేసింది.

వరద వస్తే పని ఇంకో రకం. 2009 అక్టోబరు 2న తుంగభద్ర పొంగి మంత్రాలయం మఠం ఆవరణ మునిగింది, భక్తులు చిక్కుకుపోయారు, దిగువన కర్నూలు నగరం నీళ్ళలో నిలిచింది. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులైతే ఆ వరదకు 896 దాటింది. గాలివానకు స్తంభాలు పడతాయి, లేపి నిలబెడితే కరెంటు వస్తుంది. వరదకు స్తంభాలు నిలబడే ఉంటాయి, కరెంటు మాత్రం ఇవ్వలేం. ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో నీళ్ళు చేరితే అది కరెంటును ఆపలేదు. 2.5 మిల్లీమీటర్ల ఎడంలో కనీసం 30 కిలోవోల్టులను తట్టుకోవాల్సిన నూనె అది. వడకట్టాలి, లేదంటే మార్చాలి. బురద నిండిన మీటరు బోర్డులు ఇంటింటికీ విప్పి ఆరబెట్టాలి. తొందరపడి స్విచ్ వేస్తే తడిగోడే షాక్ కొడుతుంది. గాలివానను గంటల్లో కొలిస్తే వరదను వారాల్లో కొలవాలి. మంత్రాలయం దగ్గర ఇంకో చిత్రం కూడా ఉంది. నదికి అవతలి ఒడ్డు కర్ణాటక, రాయచూరు జిల్లా. అక్కడ పంపిణీ చేసేది కలబురగి కేంద్రంగా ఉన్న గెస్కాం. ఒకే మబ్బు రెండు ఒడ్ల మీదా కురుస్తుంది, కరెంటు మాత్రం రెండు వేర్వేరు సమయాలకు వస్తుంది. చీకట్లో మెట్ల మీద కూర్చుని అవతలి దీపాలు చూసేవాళ్ళకు ప్రభుత్వాల మీద తీర్పు చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇక గడువులు. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2004లో తెచ్చిన 7వ నంబరు నిబంధనావళిలో ఇవి ఉన్నాయి. ఫ్యూజు పోతే పట్టణంలో 4 పనిగంటలు, పల్లెలో 12 పనిగంటలు. పైలైను తెగితే పట్టణంలో 6, పల్లెలో 24. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే 24, 48. పల్లెవాడికి ఓపిక పట్టణంవాడికన్నా రెండు నుంచి నాలుగు రెట్లు ఉంటుందని రూలే ఒప్పుకుంది. గడువు దాటితే పరిహారం కూడా ఉంది. 2003 విద్యుత్ చట్టం 57వ సెక్షన్ ఇచ్చిన హక్కు అది.

మరి మన 60 ఇళ్ళకు? 20 గంటల 58 నిమిషాలు 24 లోపే కాబట్టి తప్పే జరగలేదు. ఒకవేళ 30 గంటలైనా పెద్ద తేడా ఉండకపోవచ్చు. యుద్ధం, అల్లర్లు, వరద, తుపాను, పిడుగు లాంటివి వచ్చినప్పుడు ఈ గడువులు వర్తించవని అదే నిబంధనావళి చెబుతుంది. అది పూర్తిగా అన్యాయమనను. విశాఖ మీద 180 కిలోమీటర్ల గాలి వీచిన మర్నాడు గడియారం పట్టుకుని నిలబడటం కుదరదు. కానీ పిడుగు అన్న మాట చూడండి. ఏడాదికి ఎన్నిసార్లు మా ఫీడర్ల మీద పిడుగు పడదు? ముంగారి నుంచి మొదలుపెట్టి వానకాలం పొడుగునా అదే పని. అత్యవసరానికి తెరిచిన తలుపును రోజూ వాడుకుంటే అది దొడ్డిదారి అవుతుంది.

ఇంకో లెక్క ఉంది, అది మరీ గడుసుది. డిస్కంల పనితీరును కొలిచే అంకెను సైడీ అంటారు. ఏడాదిలో సగటున ఒక్కో వినియోగదారుడికి ఎన్ని నిమిషాలు కరెంటు పోయింది అని. వినడానికి బాగుంది. మన ఫీడరులో 2,000 సర్వీసులు అనుకుంటే, 1.40 దాకా అందరికీ 388 నిమిషాలు. ఆ తర్వాత 60 ఇళ్ళు మరో 870 నిమిషాలు చీకట్లో ఉన్నాయి. 60ని 870తో గుణించి 2,000తో భాగిస్తే తలకు 26 నిమిషాలు. పద్నాలుగున్నర గంటల చీకటి సగటులో కలిసి అరగంటకు కూడా రాలేదు. అది కూడా నిజంగా లెక్కలోకి తీసుకుంటే కదా. 2004 పద్ధతి ప్రకారం కొలిచేది 11 కేవీ ఫీడరు దగ్గర. ఫీడరు బ్రేకర్ నిలబడితే ట్రాన్స్‌ఫార్మర్ అవతల ఏం జరిగినా సున్నా. పైగా ప్రధానంగా వ్యవసాయ మోటార్లకు పోయే ఫీడర్లను ఆ లెక్క నుంచి పూర్తిగా మినహాయించారు.

ఆగి ఆలోచించండి. వరుసలో చివర నిలబడేది చేలో ట్రాన్స్‌ఫార్మర్. అది గడువులో ఉంది కానీ పిడుగు మినహాయింపు కింద తప్పిపోతుంది. సగటులో అసలు లేనే లేదు. వరుసలో వెనక ఉండటం గురించి నాకు ఫిర్యాదు లేదు, 960 ముందు 3,900 ఎప్పుడూ తప్పే. వెనక నిలబడ్డవాడు ఎంతసేపు నిలబడ్డాడో రాసే పుస్తకమే లేకపోవడం మీద నా ఫిర్యాదు.

కరెంటు లేకనా ఇదంతా? ఎగువన తుంగభద్ర డ్యాం దగ్గర, హంపి దగ్గర ఉన్న రెండు జలవిద్యుత్ కేంద్రాల సామర్థ్యం 36 చొప్పున 72 మెగావాట్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు అందులో 80 శాతం వాటా ఉండేది. ఓర్వకల్లు వైపు 2017లో పూర్తయిన సోలార్ పార్కు ఒక్కటే 1,000 మెగావాట్లు. కరెంటు పండించే సీమ ఇది. పండిన పంటను చివరి కిలోమీటరు మోసే తీగ దగ్గరే చిక్కు. దీనికి వేరే దారి లేదా అంటే ఒకప్పుడు ప్రయత్నించారు. అమెరికా పల్లెల్లో 1930లలో రైతులే సహకార సంఘాలు పెట్టుకుని లైన్లు వేసుకున్న పద్ధతిని, అక్కడి సహకార సంఘాల సమాఖ్య సాయంతో 1970లో సిరిసిల్లకు తెచ్చారు. కుప్పం, చీపురుపల్లి, అనకాపల్లిలోనూ అలాంటి సంఘాలు వచ్చాయి. ఆదోని, ఎమ్మిగనూరు దిక్కున రాలేదు. 1938లోనే చేనేత సహకార సంఘం పెట్టుకుని దేశమంతా పేరు తెచ్చుకున్న ఎమ్మిగనూరు ఒక కరెంటు సంఘాన్ని కూడా నడిపి ఉండేదేమో అని అప్పుడప్పుడు అనిపిస్తుంది. మగ్గానికి కరెంటు అక్కర్లేదు నిజమే. గుంటలో కూర్చుని పోగు అతికే కంటికి మాత్రం కావాలి.

ఇప్పుడున్నదాంట్లో ఆశ పెట్టుకోదగ్గది ఒకటి కనిపిస్తోంది. 2021లో కేంద్రం 3.03 లక్షల కోట్ల రూపాయల అంచనాతో మొదలుపెట్టిన పంపిణీ వ్యవస్థ పథకంలో ఫీడర్లతో పాటు ట్రాన్స్‌ఫార్మర్లకూ కబురు పంపే మీటర్లు పెట్టాలన్నది ఒక భాగం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మీటరుంటే 1.40కీ 4.10కీ మధ్య జరిగింది దానంతటదే నమోదవుతుంది. దొంగతనం పట్టుకోవడానికే ఆ మీటర్లు వాడి, చీకటి లెక్కకు వాడకపోతే ఎవరూ ఆశ్చర్యపోరు.

అందాకా చేతిలో ఉన్నవి చిన్న చిన్న పనులు. ట్రాన్స్‌ఫార్మర్ మీద పెయింటుతో ఒక నంబరు రాసి ఉంటుంది. పగలే చూసి పెట్టుకోవాలి. 1912కి ఫోన్ చేసి ‘మా వీధిలో కరెంటు లేదు’ అనడానికీ ఆ నంబరు చెప్పడానికీ లైన్‌మన్‌కు అరగంట తేడా. కొమ్మ పడిందనో తీగ తెగిందనో కంటితో చూసింది చెప్తే ఇంకా మేలు, సామాను వెంట తెచ్చుకుంటాడు. ఫ్యూజు మనమే వేసుకుందామని ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కడం మాత్రం ఎంత అలవాటున్నా వద్దు. గడువు దాటితే డిస్కం పరిధిలోనే వినియోగదారుల ఫోరం ఉంది, దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. అక్కడ అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడు పోయింది, ఎప్పుడొచ్చింది అనే. రిజిస్టర్‌లో 1.40 అని ఉంటుంది. 4.10 అని రాసి ఉండేది క్యాలెండర్ మీదే. ఫిర్యాదు నంబరు కూడా పక్కనే రాసుకుని ఆ మే నెల కాగితం చించెయ్యకుండా ఉంచితే సరి. పాల లెక్కకు కొంచెం చోటు తగ్గుతుంది.